మూత్రంలో మంట మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఏం చేయాలి? ఆడవాళ్ళ కోసం ఒక సమగ్ర మార్గదర్శి

మూత్రాశయానికి ఇన్‌ఫెక్షన్ ఎప్పుడో ఒకసారి వస్తే నాలుగైదు రోజుల మందుతో పోతుంది. అదే ఏడాదిలో మూడోసారి, నాలుగోసారి వస్తోందంటే మందుతో పాటు కారణం కూడా వెతకాలి. మన వైపు జరగనిది ఆ రెండో పనే. మంట మొదలవగానే ఇంట్లో పెద్దవాళ్ళు "వేడి చేసుంటుందిలే, సబ్జా నీళ్ళు తాగు" అంటారు. తగ్గకపోతే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, లేదంటే పోయినసారి స్ట్రిప్పు మెడికల్ షాపులో చూపించి అవే మాత్రలు. మంట తగ్గుతుంది, కొన్నాళ్ళకు మళ్ళీ మొదలవుతుంది. ఇట్లా ఏళ్ళ తరబడి సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక నెట్టుకొస్తున్న ఆడవాళ్ళు నెల్లూరు, ప్రకాశం పల్లెల్లోనూ ఉన్నారు, టౌన్లలోనూ ఉన్నారు. వాళ్ళు ఏం చేయాలో, ఏది ముందో ఏది వెనకో ఇక్కడ రాస్తున్నాను. మందుల పేర్లు, మోతాదులు రాసింది డాక్టరుతో మాట్లాడేటప్పుడు మీకు విషయం తెలిసి ఉండాలని. వాటిని చూసి సొంతంగా కొనుక్కోవద్దు.

ముందు ఇది చూసుకోండి: ఆగకూడని సందర్భాలు

మంటతో పాటు చలి జ్వరం, నడుము పైన ఒక పక్క పక్కటెముకల కింద నొప్పి, వాంతులు ఉంటే ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. గర్భిణి అయితే జ్వరం లేకపోయినా, మంట కొంచెమే ఉన్నా ఆరోజే చూపించుకోవాలి. మూత్రం అసలు రాకపోయినా, రక్తం గడ్డలుగా పడుతున్నా, షుగర్ ఉన్న మనిషి జ్వరంతో మత్తుగా ఉన్నా రాత్రి అని చూడకుండా 108కి ఫోన్ చేయండి. కిడ్నీ ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇవేవీ లేకపోతే కింద రాసిన పద్ధతిలో నిదానంగా పోవచ్చు.

మొదటి పని: అది మూత్రాశయ ఇన్‌ఫెక్షనేనా అని తేల్చుకోవడం

మూత్రం పోసేటప్పుడు, ముఖ్యంగా చివర్లో మంట. పోసి వచ్చిన పది నిమిషాలకే మళ్ళీ రావడం, కూర్చుంటే నాలుగు చుక్కలే పడటం. పొత్తికడుపులో బరువు, నొప్పి. మూత్రం మబ్బుగా ఉండటం, ఒక్కోసారి ఎర్రగా రావడం. ఇవి హఠాత్తుగా, ఒకటి రెండు రోజుల్లో మొదలైతే మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

మంట బయట చర్మం మీద, మూత్రం తగిలినచోట ఉందా? దురద ఉందా? పెరుగు విరిగినట్టు తెల్లబట్ట అవుతోందా? అయితే అది యోనికి వచ్చిన ఫంగస్ కావచ్చు. దానికి యాంటీబయాటిక్ వేస్తే తగ్గకపోగా పెరుగుతుంది. యాంటీబయాటిక్ తరచూ వాడిన ఆడవాళ్ళకే ఈ ఫంగస్ ఎక్కువగా వస్తుంది కాబట్టి రెండూ కలగాపులగం అవుతాయి. తెల్లబట్ట సంగతి డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడవద్దు. మగ డాక్టరు ముందు నోరు రాకపోతే ఏఎన్‌ఎం అమ్మాయికో ఆశా కార్యకర్తకో చెప్పినా సరే, గైనకాలజిస్టు దగ్గరికి పోయినా సరే. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్లనే ఎంతోమంది తప్పు మందు వాడుతున్నారు.

మూత్రం చెడు వాసన వస్తోందని, పచ్చగా ఉందని మాత్రమే ఇన్‌ఫెక్షన్ అనుకోకూడదు. నీళ్ళు తక్కువ తాగినా అట్లానే ఉంటుంది.

ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే డాక్టర్లు దాన్ని "మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్‌ఫెక్షన్" కింద లెక్కిస్తారు. ఈ లెక్క మీ దగ్గర ఉండాలంటే ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. మంట మొదలైన తేదీ, దానికి ముందు రెండు మూడు రోజుల్లో ఏం జరిగింది (దూర ప్రయాణమా, భార్యాభర్తల కలయికా, పొలంలో ఎడతెగని పనా, నెలసరా, మలబద్ధకమా), ఏ మందు ఎన్ని రోజులు వాడారు, ఎన్నో రోజుకు తగ్గింది. చదువు రానివాళ్ళకు ఇంట్లో పిల్లలు రాసిపెట్టొచ్చు. మందు పేరు రాయడం కష్టమైతే ఖాళీ స్ట్రిప్పునే పుస్తకంలో అంటించండి. మూడు నాలుగుసార్లు రాసేసరికి మీకే ఒక వరస కనబడుతుంది. డాక్టరుకు అది ఏ స్కాన్‌కూ తీసిపోని సమాచారం.

రెండో పని: మాత్ర వేసుకోకముందే యూరిన్ కల్చర్

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్ని గుర్తుంచుకోండి. మామూలు మూత్ర పరీక్షలో చీము కణాలు ఉన్నాయని మాత్రమే తెలుస్తుంది. కల్చర్‌లో ఏ క్రిమి ఉంది, అది ఏ మందుకు చస్తుంది, ఏ మందుకు లొంగదు అన్నది తెలుస్తుంది. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళకు కల్చర్ లేకుండా మందు వేయడం చీకట్లో రాయి విసరడమే. ఒక్క డోసు యాంటీబయాటిక్ పడ్డా కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు. అందుకే శాంపిల్ ముందు, మాత్ర తరవాత.

ఈ పరీక్ష చిన్న ల్యాబుల్లో ఉండకపోవచ్చు. మెడికల్ కాలేజీ ఉన్న ఆసుపత్రుల్లో ఉంటుంది. నెల్లూరు దర్గామిట్టలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి, ఒంగోలు రిమ్స్ రెండూ అలాంటివే. ప్రైవేటుగా అయితే నెల్లూరు పొగతోటలోనూ, ఒంగోలులోనూ ల్యాబులు చేస్తాయి. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో వచ్చేవాళ్ళు ఇంటి దగ్గరే పట్టి బస్సులో తీసుకురావద్దు. మూత్రం ఎండలో రెండు గంటలు దాటితే అందులో క్రిములు వాటంతట అవే పెరిగిపోయి రిపోర్టు తప్పుగా వస్తుంది. ల్యాబుకు వచ్చాకే ఇవ్వండి. తప్పనిసరైతే ఫ్రిజ్‌లో పెట్టి, ఐస్ మధ్య ఉంచి, 24 గంటల్లోపు చేర్చాలి.

శాంపిల్ పట్టే పద్ధతి సరిగా లేకనే సగం గందరగోళం. ల్యాబువాళ్ళు ఇచ్చిన మూత ఉన్న స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) డబ్బా మాత్రమే వాడాలి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ముందు భాగాన్ని మామూలు నీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడిగి తుడుచుకోండి. ఒక చేత్తో యోని పెదాలు విడదీసి పట్టుకుని, మొదట కొంచెం మూత్రం కింద పోనిచ్చి, మధ్యలో వచ్చేదాన్ని డబ్బాలో పట్టండి. చివరిది మళ్ళీ కిందకే. డబ్బా లోపలిభాగం వేలికిగానీ ఒంటికిగానీ తగలకూడదు. నెలసరిలో ఉంటే ఆ మాట ల్యాబులో చెప్పండి.

రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందులో క్రిమి పేరు, లెక్క, దాని కింద మందుల పట్టిక ఉంటాయి. మందు ఎదురుగా "ఎస్" అక్షరం ఉంటే పనిచేస్తుంది, "ఆర్" ఉంటే పనిచేయదు. మిల్లీలీటరుకు లక్ష క్రిములు ఉంటే ఇన్‌ఫెక్షన్ అని పాత లెక్క. బాధ ఉన్న ఆడమనిషిలో అంతకన్నా తక్కువ ఉన్నా లెక్కలోకి తీసుకోవాలి. "మిక్స్‌డ్ గ్రోత్" అని రాస్తే సాధారణంగా శాంపిల్ పాడైందని అర్థం, ఇంకోసారి సరిగా పట్టి ఇవ్వండి. చీము కణాలు ప్రతిసారీ కనబడుతున్నా కల్చర్‌లో ఏమీ పెరగకపోతే దాన్ని వదిలేయవద్దు. మన దేశంలో మూత్రనాళాలకు వచ్చే క్షయ కూడా ఇట్లా కనబడుతుంది, దానికి వేరే పరీక్షలు ఉన్నాయి. రాళ్ళున్నా, అప్పటికే మందు వాడి ఉన్నా ఇట్లాగే రావచ్చు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మంట లేదు, జ్వరం లేదు, ఏ బాధా లేదు, వేరే దేనికో చేసిన పరీక్షలో క్రిములున్నాయని వచ్చింది. షుగర్ ఉన్నవాళ్ళలో, వయసు మీరిన ఆడవాళ్ళలో ఇది మామూలే. దానికి మందు అక్కర్లేదు. మందు వేస్తే మేలు జరగదు, క్రిములు మాత్రం మొండికేస్తాయి. గర్భిణులకూ, మూత్రనాళంలో ఆపరేషన్ జరగబోయేవాళ్ళకూ మాత్రం బాధ లేకపోయినా మందు ఇవ్వాలి.

మూడో పని: ఈసారి వచ్చినదాన్ని పూర్తిగా తగ్గించుకోవడం

శాంపిల్ ఇచ్చాక రిపోర్టు కోసం మంటతో కాచుకుని కూర్చోనక్కర్లేదు. డాక్టరు పాత కల్చర్లు చూసి మందు మొదలుపెడతారు, రిపోర్టు వచ్చాక అవసరమైతే మారుస్తారు. జ్వరం లేని మామూలు మూత్రాశయ ఇన్‌ఫెక్షన్‌కు ఇప్పుడు ముందు వాడేవి రెండు. నైట్రోఫ్యురాంటాయిన్ 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. లేదా ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి, నీళ్ళలో కలిపి ఒకేసారి. నైట్రోఫ్యురాంటాయిన్ అన్నం తిన్నాక వేసుకోవాలి. మూత్రం ముదురు రంగులోకి మారితే భయపడవద్దు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్ళకు అది పనికిరాదు. జీ6పీడీ లోపం (కొన్ని మందులకు రక్తకణాలు విరిగిపోయే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవాళ్ళకు, నెలలు నిండిన గర్భిణులకు ఇవ్వకూడదు. ఈ రెండు మందులూ మూత్రాశయంలో బాగా పనిచేస్తాయిగానీ కిడ్నీ కండలోకి చాలినంత చేరవు. అందుకే జ్వరం, నడుము నొప్పి ఉన్న ఇన్‌ఫెక్షన్‌కు వీటితో సరిపెట్టకూడదు.

మెడికల్ షాపుల్లో మంట అనగానే చేతికిచ్చే ఒఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ సంగతి చెప్పాలి. వీటిని ఇష్టారాజ్యంగా వాడి మన దేశంలో వాటి పదును పోగొట్టుకున్నాం. ఈ ఇన్‌ఫెక్షన్ తెచ్చే ఈ.కోలై క్రిమిలో ఎక్కువ భాగం వీటికి లొంగడం లేదు. ఆర్‌ఎంపీలు వేసే ఒకటి రెండు ఇంజెక్షన్లు కూడా అంతే. సెఫ్ట్రయాక్సోన్ అరకొరగా వేస్తే క్రిమి చావదు, రాటుదేలుతుంది. జెంటామైసిన్ మాటిమాటికీ పడితే కిడ్నీకి, చెవికి చేటు. ఊళ్ళో అర్ధరాత్రి తలుపు తట్టినా పలికే మనిషి ఆర్‌ఎంపీ ఒక్కడే అన్నది నిజం. ఆ మేలు మరవకుండానే, ఈ ఒక్క జబ్బుకు మాత్రం ఇంజెక్షన్ వద్దని చెప్పగలగాలి.

మంట తట్టుకోలేకపోతే పారాసెటమాల్ వేసుకోండి, పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచి పెట్టుకోండి. మెడికల్ షాపులో ఇచ్చే సిట్రేట్ సిరప్ మూత్రంలో పులుపును తగ్గించి మంటను కొంచెం తగ్గిస్తుంది, క్రిమిని చంపదు. కొన్ని మందుల పనికి అది అడ్డం కూడా పడుతుంది కాబట్టి డాక్టరును అడిగే తాగండి. బార్లీ నీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, పల్లేరు కషాయం చలవ అని మన ఇళ్ళలో ఇస్తారు. కషాయం తప్ప మిగిలినవి తాగితే ఒంట్లోకి నీరు పోతుంది కాబట్టి మంచిదే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం కొబ్బరినీళ్ళు, ఆకు కషాయాలు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. మందుకు బదులుగా వాటి మీద ఆధారపడి వారం గడపడం ఎవరికీ మంచిది కాదు.

రెండు మూడు రోజుల్లో తేడా కనబడకపోతే మళ్ళీ పోయి రిపోర్టు చూపించండి. బాగా తగ్గిపోతే మళ్ళీ పరీక్ష అక్కర్లేదు, గర్భిణులకు తప్ప.

నాలుగో పని: ఎందుకు తిరగబెడుతోందో కనిపెట్టడం

ఈ ఇన్‌ఫెక్షన్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ.కోలై వల్లనే. అది మన పేగుల్లోనే ఉంటుంది. మలద్వారం దగ్గర నుంచి మూత్రద్వారానికి చేరి పైకి పాకుతుంది. ఆడవాళ్ళ మూత్రనాళం పొడవు నాలుగు సెంటీమీటర్లే. మగవాళ్ళకు ఇరవై దాకా ఉంటుంది. జబ్బు ఆడవాళ్ళకే ఎందుకు ఎక్కువ అంటే మొదటి జవాబు ఇదే. కాబట్టి ఇది మురికి మనిషికి వచ్చే జబ్బు కాదు, చెడు నడతకు వచ్చే జబ్బు అసలే కాదు. అయితే అందరు ఆడవాళ్ళకూ నాళం అంతే ఉన్నా కొందరికే తిరగబెడుతుంది. ఆ కారణం వయసును బట్టి మారుతుంది.

పెళ్ళయిన కొత్తలో అమ్మాయిలకు కలయిక తరవాత ఒకటి రెండు రోజుల్లో మంట మొదలవడం చాలా మామూలు. ఆ సమయంలో క్రిములు మూత్రనాళంలోకి తోసుకుపోతాయి. కొత్త కోడలికి వరసగా మంట వస్తుంటే ఇంట్లో గుసగుసలు, అబ్బాయి మీద అనుమానాలు. ఇది సుఖవ్యాధి కాదు. భర్తకు బాధ ఏమీ లేకపోతే ఆయనకు మాత్రలు అక్కర్లేదు. కలయిక తరవాత కాసేపటికి లేచి మూత్రం పోసి రావడం, రోజంతా నీళ్ళు బాగా తాగడం సరిపోవచ్చు. వీర్యకణాలను చంపే మందు పూసిన కండోమ్‌లు, జెల్లీలు వాడుతుంటే వాటిని మార్చాలి, యోనిలో ఉండే మంచి క్రిములను కూడా అవి చంపేస్తాయి. మీరు రాసుకున్న నోటుబుక్కులో ప్రతిసారీ కలయిక తరవాతే అని తేలితే, ఆ తరవాత ఒకే ఒక్క చిన్న డోసు యాంటీబయాటిక్ వేసుకునే పద్ధతి ఉంది. డాక్టరు రాసిస్తారు.

గర్భిణుల్లో గర్భసంచి, హార్మోన్ల వల్ల మూత్రం నిదానిస్తుంది, ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి ఎక్కే ముప్పు ఎక్కువ, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమూ ఉంది. ప్రతి గర్భిణికీ మొదటి నెలల్లోనే మూత్ర పరీక్ష జరగాలి. ఏఎన్‌ఎం వచ్చినప్పుడు అడిగి చేయించుకోండి.

నడివయసులో ముందుగా చూడాల్సింది షుగర్. షుగర్ అదుపులో లేకపోతే రోగనిరోధక శక్తి తగ్గుతుంది, మూత్రాశయపు నరాలు మొద్దుబారి లోపల మూత్రం మిగిలిపోతుంది. తనకు షుగర్ ఉందన్న సంగతి కొంతమందికి ఈ ఇన్‌ఫెక్షన్ల వల్లనే మొదటిసారి తెలుస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు మూత్రంలోకి చక్కెరను పంపుతాయి, వాటివల్ల బయట దురద, ఫంగస్ వస్తాయి. ఆ మాత్రలు మొదలుపెట్టాకే బాధ మొదలైతే డాక్టరుకు చెప్పండి. సొంతంగా ఆపవద్దు, గుండెకూ కిడ్నీకీ వాటివల్ల మేలు ఉంది.

ముట్లుడిగాక వచ్చేది వేరే కథ. దీన్ని కాస్త ఓపిగ్గా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ సులువైన వైద్యం ఉంది, అది అందడం లేదు. ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉన్నన్నాళ్ళు యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి క్రిములు ఉంటాయి. అవి అక్కడ పులుపు గుణాన్ని నిలిపి ఈ.కోలైని రానివ్వవు. ముట్లుడిగాక హార్మోన్ పడిపోతుంది, లోపలి పొర పలచబడి పొడిబారుతుంది, మంచి క్రిములు తగ్గిపోతాయి. ఈ స్థితి మన ఆంధ్రప్రదేశ్‌లో చాలామందికి వయసు రాకముందే వస్తోంది. దేశంలో గర్భసంచి తీసేసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ఒకటి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళకే ముట్లుడిగిన ఒళ్ళు అవుతుంది. ఆ తరవాత ఏళ్ళలో మంట మొదలైతే దానికీ ఆపరేషన్‌కూ ఉన్న సంబంధం ఎవరికీ తట్టదు. మీకు ఆ ఆపరేషన్ జరిగి ఉంటే ఏమేం తీశారో పాత డిశ్చార్జి కాగితం వెతికి డాక్టరుకు చూపించండి.

కాన్పులు ఎక్కువైన ఆడవాళ్ళకు గర్భసంచి జారడం, మూత్రాశయం కిందికి దిగడం వల్ల మూత్రం పూర్తిగా ఖాళీ కాదు. మిగిలిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి. కింద ఏదో దిగినట్టు, అడ్డం ఉన్నట్టు అనిపిస్తే పరీక్ష చేయించుకోవాలి. మలబద్ధకం కూడా ఇట్లాగే చేస్తుంది, నిండిన పేగు మూత్రాశయాన్ని ఒత్తుతుంది. కిడ్నీలో, మూత్రాశయంలో రాయి ఉంటే క్రిములు రాయిలోనే దాక్కుంటాయి. రాయి పోకుండా జబ్బు పోదు.

చేపల పులుసు, ఆవకాయ, కారం తినడం వల్ల ఇన్‌ఫెక్షన్ రాదు. మంటగా ఉన్న రోజుల్లో కారం తగ్గిస్తే హాయిగా ఉంటుంది, అంతే.

అయిదో పని: నీళ్ళు, మరుగుదొడ్డి

2018లో అచ్చయిన ఒక పరిశోధనలో, రోజుకు లీటరున్నర కన్నా తక్కువ నీళ్ళు తాగే, మళ్ళీ మళ్ళీ ఇన్‌ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్ళను తీసుకున్నారు. సగం మందిని రోజూ అదనంగా లీటరున్నర తాగమన్నారు. ఏడాదిలో తాగినవాళ్ళకు సగటున 1.7 సార్లు, తాగనివాళ్ళకు 3.2 సార్లు వచ్చింది. మందు లేకుండా దాదాపు సగానికి తగ్గిందన్నమాట.

ఈ సంగతి ఆడవాళ్ళకు తెలియక కాదు. తాగితే పోవాల్సి వస్తుంది, పోవడానికి చోటు లేదు. కోవూరు, బుచ్చి వైపు నాట్లకు పోయేవాళ్ళకు చుట్టూ పొలం, మగవాళ్ళు. కొండపి, కందుకూరు, పొదిలి వైపు పొగాకు గ్రేడింగ్‌కు పోయేవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నచోటు కదలరు. రొయ్యల ప్లాంట్లలో చేతి తొడుగులు, బూట్లు విప్పి పోయి రావాలంటే సూపర్‌వైజరు మొహం చూడాలి. ట్రంకురోడ్డు బట్టల షాపుల్లో నిలబడే అమ్మాయిలు, పల్లె బడుల్లో టీచర్లు ఇంటికి పోయేదాకా ఆపుకుంటారు. ఇది వాళ్ళ తప్పు కాదు. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకు వేరుగా మరుగుదొడ్డి పెట్టాల్సిన బాధ్యత చట్టప్రకారం యజమానిదే. ఒక్కరు అడిగితే కసురుకుంటారు. పదిమంది కలిసి అడగండి. పొలం పనుల్లో మేస్త్రీ దగ్గర మాట్లాడుకునేటప్పుడే మధ్యలో రెండుసార్లు అందరూ కలిసి పోయివచ్చే టైము పెట్టించుకోండి. నలుగురు కలిసి పోతే ఒక చీర అడ్డం పట్టుకున్నా చాలు.

నీళ్ళను పనివేళలను బట్టి సర్దుకోవచ్చు. లేవగానే రెండు గ్లాసులు, పనికి బయల్దేరే ముందు ఒకసారి పోసి రావడం, పనిలో గంటకు అర గ్లాసు, మధ్యాహ్నం అన్నం దగ్గర రెండు, ఇంటికి రాగానే రెండు. పడుకునే ముందు తగ్గించండి. వేసవిలో ఇంకా పెంచాలి. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టు. మూడు నాలుగు గంటలకు మించి ఆపుకోకుండా ఉండగలిగితే మంచిది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఎంత తాగాలో డాక్టరు చెప్పినంతే తాగాలి.

కనిగిరి, దర్శి, పొదిలి, ఉదయగిరి వైపు ఇంకొక చిక్కు ఉంది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, అందుకని క్యాను నీళ్ళు కొనుక్కుని పొదుపుగా తాగడం. ఇంట్లో మగవాళ్ళకు, పిల్లలకు పెట్టి ఆడవాళ్ళు తగ్గించుకుంటారు. ఈ ఇన్‌ఫెక్షన్ తెచ్చేది ఫ్లోరైడ్ కాదు, కానీ నీళ్ళ పొదుపు దానికి దారి తీస్తుంది. క్యాను ఒకటి ఎక్కువ కొన్నా, మందుల ఖర్చు కన్నా తక్కువే. కీళ్ళ నొప్పులకు రోజూ నొప్పి మాత్రలు మింగే అలవాటు కూడా ఆ వైపు ఎక్కువ. అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. అట్లాంటివాళ్ళు నైట్రోఫ్యురాంటాయిన్ మొదలుపెట్టే ముందు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి.

మూత్రం పోసేటప్పుడు తొందరపడకండి. అయిపోయాక ఒక నిమిషం ఆగి, కొంచెం ముందుకు వంగి మళ్ళీ ప్రయత్నించండి, మిగిలింది వస్తుంది. బస్టాండ్లలో వెస్ట్రన్ టాయిలెట్ మీద కూర్చోకుండా గాల్లో వంగి నిలబడితే కండరాలు బిగుసుకుని పూర్తిగా ఖాళీ కాదు. నీళ్ళతో తుడిచి కూర్చోవడం మేలు. కడుక్కోవడం ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి. లోపల సబ్బు, డెటాల్, వాసన వచ్చే లోషన్లు వాడవద్దు, అవి మంచి క్రిములను చంపుతాయి. బయట మామూలు నీళ్ళు చాలు.

ఆరో పని: మళ్ళీ రాకుండా మందులు

పై పనులన్నీ చేసి మూడు నెలలు చూశాక కూడా తగ్గకపోతే నివారణ మందుల గురించి డాక్టరును అడగండి. ముట్లుడిగినవాళ్ళు అంతకాలం ఆగనక్కర్లేదు. వాళ్ళకు మొదటి మందు యోనిలో పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీము. సాధారణంగా మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తరవాత వారానికి రెండుసార్లు. రెండు మూడు నెలలకు పూర్తి ఫలితం తెలుస్తుంది. హార్మోన్ అనగానే క్యాన్సర్ వస్తుందని భయపడతారు. ఈ కొద్ది మోతాదు ఎక్కువగా అక్కడే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కారణం తెలియకుండా రక్తస్రావం అవుతున్నవాళ్ళు మాత్రం డాక్టరుతో వివరంగా మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. నోటి మాత్రల ఈస్ట్రోజెన్ ఈ పనికి ఉపయోగపడదు.

యాంటీబయాటిక్ కానిది ఇంకొకటి మెథెనమైన్ హిప్పురేట్, 1 గ్రాము రోజుకు రెండుసార్లు. 2022లో అచ్చయిన బ్రిటన్ పరిశోధనలో అది రోజూ వేసే తక్కువ డోసు యాంటీబయాటిక్‌కు తీసిపోలేదని తేలింది. మూత్రం పులుపుగా ఉంటేనే పనిచేస్తుంది కాబట్టి దాంతో సిట్రేట్ సిరప్ తాగకూడదు. ఇవేవీ కుదరనప్పుడు రోజూ రాత్రి చిన్న డోసు యాంటీబయాటిక్ మూడు నుంచి ఆరు నెలలు ఇస్తారు. నైట్రోఫ్యురాంటాయిన్ అంతకాలం వాడితే అరుదుగా ఊపిరితిత్తులు, లివర్ దెబ్బతింటాయి. పొడిదగ్గు, ఆయాసం మొదలైతే వెంటనే ఆపి చూపించుకోవాలి.

క్రాన్‌బెర్రీ అనే విదేశీ పండు కొంతమందికి పనిచేస్తుందని, పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్ష చెబుతోంది. డబ్బున్నవాళ్ళు మాత్రలు ప్రయత్నించవచ్చు. డబ్బా జ్యూస్‌లో చక్కెరే ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్ళు దగ్గరికి రానివ్వకూడదు. డీ-మానోజ్ (ఒక రకం చక్కెర) పొడి వల్ల ఉపయోగం లేదని 2024లో వచ్చిన పెద్ద పరిశోధన తేల్చింది. ఆ డబ్బు మిగుల్చుకోండి.

స్కాన్లు ఎప్పుడు, ఎవరి దగ్గరికి

షుగర్, క్రియాటినిన్ పరీక్షలు అందరికీ అవసరం. కిడ్నీలు, మూత్రాశయం చూసే అల్ట్రాసౌండ్ చేయించేటప్పుడు మూత్రం పోసి వచ్చాక ఇంకోసారి చూసి ఎంత మిగిలిందో రాయమని అడగండి. అడగకపోతే చాలాచోట్ల చూడరు. 100 మిల్లీలీటర్లకు పైగా మిగులుతుంటే ఖాళీ కాకపోవడమే కారణం కావచ్చు. కడుపు కింద జారుడు ఉందో లేదో గైనకాలజిస్టు చేత్తో చూస్తేనే తెలుస్తుంది, స్కాన్‌లో తెలియదు.

మూత్రాశయం లోపలికి కెమెరా పంపే సిస్టోస్కోపీ అందరికీ అక్కర్లేదు. ఇన్‌ఫెక్షన్ తగ్గాక కూడా మూత్రంలో రక్తం కనబడితే, ముఖ్యంగా నలభై దాటినవాళ్ళలో, యూరాలజిస్టు దగ్గరికి పోయి అది చేయించుకోవాలి. మూత్రాశయ క్యాన్సర్‌ను మంట అనుకుని ఏళ్ళ తరబడి మాత్రలు మింగినవాళ్ళు ఉన్నారు. ప్రతి కల్చరూ శుభ్రంగా వస్తూ నొప్పి, తరచూ రావడం మాత్రం పోకపోతే అది ఇన్‌ఫెక్షన్ కాని మూత్రాశయ నొప్పి జబ్బు కావచ్చు. దానికి యాంటీబయాటిక్ ఎంత వాడినా ప్రయోజనం ఉండదు, వైద్యం వేరు.

చివరిగా, కల్చర్ రిపోర్టులన్నీ ఒక ఫైల్లో తేదీల వరసలో దాచుకోండి. మందు అయిపోయిన రెండు వారాల్లోపే అదే క్రిమి మళ్ళీ వచ్చిందంటే అది అసలు పోలేదని, ఎక్కడో రాయిలోనో మిగిలిన మూత్రంలోనో దాక్కుందని అనుమానించి స్కాన్ చేస్తారు. నెలల తరవాత వేరే క్రిమి వస్తే అది కొత్తగా బయటినుంచి ఎక్కింది, అప్పుడు నివారణ మందుల మీద దృష్టి పెడతారు. నివారణ మందు ఆరు నెలలు వాడి ఆపాక కొందరికి మళ్ళీ రావచ్చు. వస్తే పాత స్ట్రిప్పు వెతకవద్దు. శాంపిల్ ఇచ్చి, ఫైలు తీసుకుని అదే డాక్టరు దగ్గరికి పోండి.